కారు ప్లగ్గులు మీరే మార్చుకోవాలంటే: ఏది కొనాలి, ఎలా బిగించాలి

"బండి పికప్ తగ్గింది, ప్లగ్గులు మార్చాలా?" "ఇరిడియం వేస్తే మైలేజీ పెరుగుతుందా?" "షెడ్డులో నాలుగూ పోయినయ్ అంటున్నరు, నిజమేనా?" నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, మధ్యలో దేవరకొండ, కల్వకుర్తి నుంచి కూడా ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు స్పార్క్ ప్లగ్గుల (ఇంజిన్‌లో పెట్రోల్‌ని మండించే నిప్పురవ్వ పుట్టించేవి) సంగతి మొత్తం ఒకచోట రాస్తున్నా. పని పెద్దదేం కాదు, నాలుగు సిలిండర్ల బండికి తొందరపడకుండా చేసుకుంటే గంటా గంటన్నర. కాకపోతే రెండు చోట్ల తేడా వస్తే ప్లగ్గుల ఖర్చుతో పోయేది కాస్తా ఇంజిన్ హెడ్డు (ప్లగ్గులు బిగించే పై భాగం) దాకా పోతుంది. ఒకటి కొనేటప్పుడు చూడాల్సిన నంబరు, రెండోది మర ఎక్కించేటప్పుడు చెయ్యి.

ఇదంతా పెట్రోల్, సీఎన్‌జీ, ఎల్‌పీజీ బండ్లకే. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు, అందులో ఉండేవి గ్లో ప్లగ్గులు, వాటి కథ వేరు.

అసలు మార్చాలా

పొద్దున స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు తిప్పాల్సి రావడం, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ వణకడం, ఏసీ వేసుకుని నాలుగో గేర్‌లో తొక్కితే బండి జర్కులు కొట్టడం, ఇవన్నీ ప్లగ్గు అరిగిన లక్షణాలే. కానీ ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ వీకైనా, పెట్రోల్ కల్తీదైనా దాదాపు ఇవే కనిపిస్తాయి. మన దగ్గర ఫిల్టర్ సంగతి ముందు చూడాలి. వరి కోతలప్పుడు మిర్యాలగూడ, హాలియా వైపు రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, మిల్లుల దగ్గర ఊక దుమ్ము, కంకర లారీల వెనకాల వెళ్తే ఇంకో దుమ్ము. పుస్తకంలో రాసిన గడువు కన్నా ముందే ఫిల్టర్ నిండిపోతుంది. ప్లగ్గులు కొనే ముందు ఆ డబ్బా విప్పి ఒకసారి చూడండి, అందులో పైసా ఖర్చు లేదు.

లక్షణాల కన్నా కిలోమీటర్లు నమ్మదగ్గవి. మామూలు నికెల్ ప్లగ్గులైతే (నికెల్, ఇరిడియం అనేవి ప్లగ్గు మొన లోహాలు) సుమారు 30 నుంచి 40 వేల కిలోమీటర్లు, ఇరిడియం అయితే లక్ష దాకా కూడా నడుస్తాయి, మీ బండికి ఎంత అన్నది మాత్రం ఓనర్ మాన్యువల్‌లో సర్వీస్ పట్టికలో ఉంటుంది, అదే లెక్క. నడిచేకొద్దీ ఎలక్ట్రోడ్ అరిగి, స్పార్కు దూకే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సందు, అంటే గ్యాప్, పెరుగుతుంది, గ్యాప్ పెరిగితే మంట పుట్టించడానికి కాయిల్ ఎక్కువ వోల్టేజీ ఇవ్వాలి. అరిగిన ప్లగ్గులతోనే ఏళ్లకేళ్లు లాగిస్తే చివరికి కాయిల్ కూడా పోతుందనేది అందుకే. గ్యాస్ మండించడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి సీఎన్‌జీ బండ్లలో ప్లగ్గులు ఇంకొంచెం త్వరగా మార్చుకోవాలి.

పాత ప్లగ్గుని గరుకు కాగితంతో గీకి మళ్లీ పెట్టే అలవాటు చాలామందికి ఉంది. దారిలో ఆగిపోయినప్పుడు ఇల్లు చేరడానికైతే సరే. గీకితే మసి పోతుంది తప్ప అరిగిన లోహం తిరిగి రాదు. ఇరిడియం అయితే అసలు గీకకండి, దాని మొన సూది లాగా సన్నగా ఉంటుంది, వైర్ బ్రష్ తగిలితే చాలు పాడవుతుంది.

ఏది కొనాలి

మాన్యువల్‌లో ఉన్న నంబరు. అంతే. బండిలోంచి తీసిన పాత ప్లగ్గు తెల్ల పింగాణీ మీద కూడా నంబరు ఉంటుంది గానీ, సెకండ్ హ్యాండ్ బండి అయితే దాన్ని నమ్మకండి, ఇంతకుముందు ఓనరు ఏది దొరికితే అది వేయించి ఉండొచ్చు.

నంబరులో ఏముంటుందో ఒక్క ఉదాహరణ. ఎన్‌జీకే బీకేఆర్6ఈ-11 తీసుకోండి. బీ అంటే మర వ్యాసం 14 మిల్లీమీటర్లు. కే అంటే పానా సైజు 16. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉందని, అది లేకపోతే రేడియోలో గరగర వస్తుంది, ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) సిగ్నళ్లు కూడా చెడతాయి. 6 అన్నది వేడి రేంజి, అంటే ప్లగ్గు తన మొన వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందన్నది. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి 11 అంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. ఇందులో ఏ ఒక్కటి మారినా అది వేరే ప్లగ్గే. మర పొడవు ఎక్కువైతే మొన పిస్టన్‌కు తగలొచ్చు, తక్కువైతే హెడ్డులో మిగిలిన మరల్లో మసి గట్టిపడి తర్వాత సరైన ప్లగ్గు కూడా ఎక్కదు.

వేడి రేంజి దగ్గర ఇంకో మెలిక ఉంది. ఎన్‌జీకే, డెన్సోలలో నంబరు పెరిగేకొద్దీ చల్ల ప్లగ్గు (వేడిని త్వరగా వదిలేది), బాష్, ఛాంపియన్‌లలో నంబరు పెరిగేకొద్దీ వేడి ప్లగ్గు. కంపెనీ మార్చి కొంటే ఆ కంపెనీ వాళ్ల పట్టికలో మీ బండి మోడల్, ఇంజిన్, సంవత్సరం చూసే కొనండి, నంబర్లు దగ్గరగా ఉన్నాయని అంచనా వేయకండి.

"మన నల్లగొండ ఎండలకు చల్ల ప్లగ్గు వెయ్యాలె" అని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. వినకండి. బయట 45 డిగ్రీలున్నా 25 ఉన్నా ప్లగ్గుకు పెద్ద తేడా లేదు. దాని మొన సుమారు 450 డిగ్రీలు దాటితేనే తన మీద పడ్డ మసిని తను కాల్చుకోగలదు, 850 దాటితే స్పార్కు రాకముందే పెట్రోల్ అంటుకునే ప్రమాదం. ఈ రెండింటి మధ్య ఉండేట్టు కంపెనీ లెక్క వేసే నంబరు ఇచ్చింది. అవసరం లేకుండా చల్ల ప్లగ్గు వేస్తే ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగే బండికి మసి పట్టి మిస్సింగ్ (ఒక్కోసారి స్పార్కు తప్పి పెట్రోల్ మండకపోవడం) మొదలవుతుంది.

ఇరిడియం వేయాలా? కంపెనీ నుంచే ఇరిడియంతో వచ్చిన బండికి ఇరిడియమే వేయండి, డబ్బు మిగులుతుందని నికెల్‌కి దిగకండి. నికెల్‌తో వచ్చిన బండికి అదే కొలతల ఇరిడియం దొరికితే వేసుకోవచ్చు, మార్చే పని తక్కువసార్లు పడుతుంది, లాభం అక్కడితో సరి. మైలేజీ గాల్లోకి లేస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. కొత్తవి వేశాక మైలేజీ పెరిగింది అని చెప్పేవాళ్లు చాలావరకు అరిగిపోయిన పాతవి తీసి వేసినవాళ్లే, మామూలు నికెల్ వేసినా పెరిగేదే.

నకిలీలు బాగా ఉన్నాయి. డబ్బా మీద అక్షరాలు మసకగా ఉన్నా, పింగాణీ మీద ముద్ర గోటితో గీకితే చెదిరినా, మరలు గరుకుగా ఉన్నా, మధ్య ఎలక్ట్రోడ్ పక్కకు ఒరిగి ఉన్నా తీసుకోకండి. కార్ కంపెనీ అసలు విడిభాగాలు అమ్మే కౌంటర్‌లో గానీ, బిల్లు ఇచ్చే పెద్ద దుకాణంలో గానీ కొనడం మేలు. "అన్నిటికీ ఇదే పడతది, తీస్కపో అన్నా" అంటే, "లేదన్నా, బుక్కుల ఉన్న నంబరే ఇయ్యి" అని నిలబడండి. రేపు తెప్పిస్తా అంటే రేపే తీసుకోండి.

ఇంకోటి, ఎన్ని కావాలో చూసుకుని వెళ్లండి. మూడు సిలిండర్లకు మూడు, నాలుగింటికి నాలుగు అనేది మామూలు లెక్క. పాత హోండా సిటీ ఐ-డీఎస్ఐలో మాత్రం సిలిండర్‌కు రెండు చొప్పున ఎనిమిది ఉంటాయి. ఎన్నున్నా అన్నీ ఒకేసారి మార్చాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ప్లగ్గు సాకెట్ (చాలా బండ్లకు 16 మిల్లీమీటర్లు, కొన్ని కొత్తవాటికి 14), లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉన్నది. రాచెట్ హ్యాండిల్, పొడవాటి ఎక్స్‌టెన్షన్ రాడ్డు. కాయిల్ బోల్టుకు సాధారణంగా 10 నంబర్ సాకెట్. గ్యాప్ కొలిచే గేజి. పెట్రోల్ పైపు ముక్క ఒక జానెడు, ఇది ఎందుకో కింద చెప్తా. గాలి కొట్టడానికి ఏదో ఒకటి, సైకిల్ పంపు అయినా సరే. శుభ్రమైన గుడ్డ, టార్చి, కళ్లద్దాలు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు.

ఇక పని

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. హెడ్డు అల్యూమినియం, వేడి మీద ప్లగ్గు విప్పితే మరలు ప్లగ్గుతో పాటు ఊడి వచ్చే ప్రమాదం ఉంది. రాత్రి ఆపిన బండిని పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే పట్టుకోండి. ఎండాకాలం పది దాటాక ఆరుబయట ఈ పని పెట్టుకుంటే ఇంజిన్ కన్నా ముందు మీరు వేడెక్కుతారు. తాళం చెవి తీసి జేబులో వేసుకోండి.

2. ఇంజిన్ పైన ప్లాస్టిక్ మూత ఉంటే తీయండి. కొన్ని బండ్లలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఇంజిన్ నెత్తి మీదే ఉంటుంది, దాన్నీ తప్పించాలి. విప్పే ముందు ఫోనులో ఫొటో తీసుకోండి, ఏ పైపు ఎక్కడిదో తర్వాత వెతుక్కునే బాధ ఉండదు. గాలి లోపలికి వెళ్లే నోరు తెరుచుకుంటే వెంటనే గుడ్డ కట్టండి, అందులో ఒక నట్టు పడిందంటే ఆ రోజు పని అక్కడితో ఆగుతుంది.

3. ఒక్కసారి ఒక్క సిలిండరే. ఇప్పుడొచ్చే బండ్లలో ప్రతి ప్లగ్గు మీద ఒక కాయిల్ ఉంటుంది. కనెక్టర్ లాక్ నొక్కి లాగండి, వైర్లు పట్టుకుని లాగకండి, ఎండకు పెళుసుబారిన లాక్ పుటుక్కున విరుగుతుంది. బోల్టు తీసి, కాయిల్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పుతూ నిలువుగా పైకి లేపండి. పాత మారుతి 800, శాంత్రో లాంటి వాటిలో కాయిల్ బదులు పొడుగు వైర్లు ఉంటాయి, అక్కడా రబ్బరు టోపీ పట్టుకునే లాగాలి. ఈ వైర్లు అన్నీ ఒకేసారి పీకితే ఏది దేనిదో కలిసిపోతుంది, తప్పు సిలిండర్‌కు పెడితే ఇంజిన్ టపటపా పేలుతుంది తప్ప నడవదు.

4. ప్లగ్గు విప్పకముందే గాలి కొట్టండి. ఇది వదిలేసేవాళ్లే ఎక్కువ. ప్లగ్గు బోరుబావి లాంటి లోతు గొట్టంలో అడుగున ఉంటుంది, టార్చి వేసి చూస్తే దాని చుట్టూ ఇసుక, ఎండుటాకు ముక్కలు, కొన్నిసార్లు ఎలుక తెచ్చిపెట్టిన వడ్ల గింజలు కూడా కనిపిస్తాయి. ప్లగ్గు ఊడిన మరుక్షణం అవన్నీ సిలిండర్‌లో పడతాయి. కళ్లద్దాలు పెట్టుకుని కొట్టండి, నోటితో ఊదితే మొత్తం కళ్లలోకి వస్తుంది. గొట్టంలో ఆయిల్ నిలిచి ఉంటే పైన వాల్వ్ కవర్ గాస్కెట్ లీకవుతోందని అర్థం, గుడ్డతో పీల్చి తీసి అప్పటికి పని కానివ్వండి, గాస్కెట్ మాత్రం త్వరలో మార్పించాలి.

5. సాకెట్ నిటారుగా దింపి, ఎడమవైపు తిప్పండి. సాకెట్ వంకరగా కూర్చుంటే పింగాణీ పగులుతుంది. మొదట ఒక్కసారి గట్టిగా ఉండి, తర్వాత సులువుగా రావాలి. మధ్యలో బిగుసుకుంటే బలం పెట్టకండి. మరల దగ్గర జంగు వదిలించే స్ప్రే కొంచెం కొట్టి, పావుగంట ఆగి, కాస్త బిగించి కాస్త వదులు చేస్తూ తీయండి. అప్పటికీ రాకపోతే అక్కడే ఆపి మెకానిక్‌ని పిలవండి. విరిగిన ప్లగ్గు ముక్క తీయడం ఇంట్లో అయ్యే పని కాదు.

6. తీసిన ప్లగ్గుల్ని వచ్చిన వరసలోనే అట్టముక్క మీద 1, 2, 3, 4 అని రాసి పెట్టండి.

7. కొత్త ప్లగ్గు గ్యాప్ కొలవండి. డబ్బాలోంచి వచ్చినవి సాధారణంగా సరిగ్గానే ఉంటాయి, కానీ రవాణాలో కింద పడి ఉండొచ్చు. తేడా ఉంటే పక్క ఎలక్ట్రోడ్‌ని మాత్రమే వంచాలి, మధ్య మొన మీద ఆనించి తిప్పకూడదు. ఇరిడియంలో తేడా కనిపిస్తే సర్దకుండా వెనక్కిచ్చేయండి. చేతిలోంచి గచ్చు మీద పడ్డ ప్లగ్గు వాడకండి, పగులు పైకి కనిపించకపోవచ్చు. సీఎన్‌జీ కిట్ బిగించిన బండికి గ్యాప్ కొంచెం తక్కువ పెట్టుకుంటే గ్యాస్ మీద మిస్సింగ్ తగ్గుతుంది, ఎంత అనేది కిట్ వేసినవాళ్లు చెప్పిన కొలతే.

8. చేత్తోనే మర ఎక్కించాలి, రాచెట్ అసలు ముట్టొద్దు. ఇక్కడే ఆ పెట్రోల్ పైపు ముక్క పనికొస్తుంది. ప్లగ్గు తలకాయకు పైపు తొడిగి, లోపలికి దింపి, వేళ్లతో పైపు పైకొసను తిప్పండి. ముందు ఎడమవైపు మెల్లగా తిప్పితే ఒక చోట ప్లగ్గు చిన్నగా దిగినట్టు వేళ్లకు తెలుస్తుంది, మర మొదలు దొరికింది, అక్కణ్నుంచి కుడివైపు తిప్పండి. మర అడ్డదిడ్డంగా ఎక్కితే పైపే జారుతుంది, హెడ్డుకు దెబ్బ తగలదు. వాషర్ ఆనేదాకా వేళ్ల బలంతోనే పోవాలి. రెండు చుట్లకే బిగుసుకుంటే తీసి మళ్లీ మొదలు పెట్టండి, ఎన్నిసార్లయినా సరే.

9. ఇప్పుడు బిగింపు. అల్యూమినియం హెడ్డుకు 14 మిల్లీమీటర్ల మర అయితే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 అయితే 15 నుంచి 20, 10 అయితే 10 నుంచి 12. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పెట్టుకోండి. టార్క్ రెంచ్ లేకపోతే, కొత్త ప్లగ్గు వాషర్ ఆనాక ఇంకో అర చుట్టు తిప్పండి, 14 మిల్లీమీటర్లదైతే అరకు కొంచెం ఎక్కువ, మూడింట రెండు వంతుల దాకా పోవచ్చు. వాషర్ నలుగుతున్నంతసేపు మెత్తగా సాగి, తర్వాత గట్టిపడటం చేతికి తెలుస్తుంది, అక్కడ ఆగాలి. తీసిన ప్లగ్గునే మళ్లీ పెడుతుంటే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది, 30 డిగ్రీలు చాలు. వాషర్ లేకుండా ఏటవాలు అంచుతో కూర్చునే రకాలకు అంతకంటే తక్కువ, చుట్టులో పదహారో వంతు.

మరలకు గ్రీజు, ఆయిల్ రాయొద్దు. పూత ఉన్న ప్లగ్గులకు అవసరం లేదు, పైగా జారుడుకు మీకు తెలియకుండానే ఎక్కువ బిగుస్తుంది.

10. కాయిల్ రబ్బరు గొట్టం చూడండి, చీలిక గానీ తెల్లటి కాలిన గీత గానీ ఉంటే కొత్త ప్లగ్గు వేసినా కరెంటు పక్కకు దూకుతూనే ఉంటుంది. బాగుంటే నిటారుగా నొక్కి కూర్చోబెట్టి, బోల్టు బిగించి, కనెక్టర్ టిక్కుమనేదాకా తోయండి. అప్పుడు రెండో సిలిండర్‌కి వెళ్లండి.

పాత ప్లగ్గులు ఏం చెప్తున్నాయి

అట్టముక్క మీద పెట్టినవి ఇప్పుడు వెలుతురులో చూడండి. మొన దగ్గర లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే ఇంజిన్ బాగుంది. పొడి నల్ల మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది లేదా గాలి తక్కువ అందుతోంది, మళ్లీ ఫిల్టర్ దగ్గరికే రండి. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే సిలిండర్‌లోకి ఆయిల్ వస్తోంది, పిస్టన్ రింగులు గానీ వాల్వ్ సీళ్లు గానీ మెకానిక్‌కి చూపించాలి. తెల్లగా మాడి, బుడగలు కట్టినట్టుంటే వేడి ఎక్కువైంది, కూలెంట్, పెట్రోల్ సరఫరా, ప్లగ్గు నంబరు మూడూ చూడాలి, దీన్ని వాయిదా వేయకండి.

నాలుగూ ఒకేలా ఉన్నాయా లేదా అన్నది రంగు కన్నా ముఖ్యం. మూడు గోధుమ రంగులో ఉండి ఒకటి మాత్రం నల్లగా ఉంటే జబ్బు ఆ ఒక్క సిలిండర్‌లోనే ఉంది. అందుకే వరస పెట్టమన్నది.

పింగాణీ ఇనుప భాగంలోకి దిగే చోట గోధుమ రంగు మరక చూసి "గ్యాస్ లీకవుతోంది" అని భయపెడతారు. అది లీకు కాదు. అధిక వోల్టేజీకి గాల్లోని ఆయిల్ కణాలు అక్కడ అంటుకున్న మరక, ప్లగ్గు పనికి అడ్డేం కాదు. నిలువునా నల్లటి సన్న గీత ఉంటే మాత్రం కరెంటు బయటి నుంచి దూకుతోందని, కాయిల్ రబ్బరు మార్చాల్సిందే.

సరిగ్గా కుదిరిందా

తీసినవన్నీ తిరిగి పెట్టి, అన్ని కనెక్టర్లూ ఒకసారి చేత్తో తాకి చూసి స్టార్ట్ చేయండి. వెంటనే అందుకోవాలి. రెండు నిమిషాలు ఐడిల్‌లో వదిలి వినండి, టిక్ టిక్ టిక్ అని గాలి చిమ్మే శబ్దం వస్తే ఏదో ప్లగ్గు వదులుంది, ఆపి, చల్లారాక చూడండి. ఇంజిన్ వణుకుతుంటే ఏదో కనెక్టర్ సగమే కూర్చుంది, పదింట తొమ్మిదిసార్లు అదే.

ఖాళీ రోడ్డు మీద తేలిగ్గా నడిపితే లోపం బయటపడదు, ఇంజిన్ మీద బరువు పడాలి. హైవే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఏసీ వేసి నాలుగో గేర్‌లో తొక్కి చూడండి, అచ్చంపేట వైపు వాళ్లకు మన్ననూరు ఘాట్ ఉండనే ఉంది. జర్కు లేకుండా లాగితే పని అయినట్టే.

చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే బండి నడపొద్దు. మండని పెట్రోల్ సైలెన్సర్ వైపు వెళ్లి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, అది ప్లగ్గుల కన్నా ఎన్నో రెట్లు ఖరీదు. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్ చదివే పరికరం) ఉంటే కోడ్ చదవండి. పీ0301 అంటే మొదటి సిలిండర్‌లో మిస్ ఫైర్, పీ0302 అంటే రెండోది, అలా. ఏ సిలిండరో తెలిశాక దాని కాయిల్‌ని పక్కదానితో మార్చి పెట్టి, కోడ్ చెరిపి మళ్లీ నడపండి. కోడ్ కూడా పక్క సిలిండర్‌కి మారితే కాయిల్ పోయింది. మారకుండా అక్కడే ఉంటే ప్లగ్గుని కూడా అలాగే మార్చి చూడండి. అప్పటికీ కోడ్ కదలకపోతే ఇంజెక్టర్, వైరింగ్, కంప్రెషన్ చూడాలి. వానాకాలంలో బండి నాలుగు రోజులు కదలకుండా ఉంటే ఎలుకలు కాయిల్ వైర్లు కొరికేయడం మన ఊళ్లలో మామూలే, ముందు అది చూడండి.

మర పోయిందని అనుమానం వస్తే, అంటే ప్లగ్గు ఎంత తిప్పినా బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంటే, ఎలాగోలా నిలిచింది కదా అని నడపకండి. కంప్రెషన్‌కు ప్లగ్గు ఎగిరి బయటికొస్తుంది, పోతూ పోతూ కాయిల్‌ని కూడా తీసుకుపోతుంది. హెలికాయిల్ (పోయిన మర చోట వేసే తీగచుట్టు) వేసి కొత్త మర నిలబెట్టే మెకానిక్‌లు, లేత్ షాపులవాళ్లు ఉంటారు, పని తెలిసినవాళ్లయితే చాలావరకు హెడ్డు మార్చకుండానే కుదురుతుంది. తీసుకెళ్లేటప్పుడు పాత ప్లగ్గులు వరస నంబర్లతో, కొత్త ప్లగ్గు డబ్బా కూడా పట్టుకెళ్లండి, మర వ్యాసం ఎంతో వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.